గన్‌ఫౌండ్రీలో ఒక దినము



యాత్రావృత్తాంతమనగా కాశీరామేశ్వరములకో, తిరుపతి శ్రీశైలములకో పోయివచ్చినవారు వ్రాయవలసినదని మనలో పెక్కుమంది తలంపు. నేను వ్రాయబోవునది అట్టిది కాదు. ఉదయమున వికారాబాదులో రైలెక్కి, రాత్రి భోజనమువేళకు మరల ఇల్లు చేరిన యొక్కదినపు పయనము. చూచినది దేవాలయమును గాదు. హైదరాబాదు నడుబొడ్డున, ఆబిడ్సు ప్రక్కనున్న గన్‌ఫౌండ్రీ యను పేటయు, దాని యిరుగుపొరుగు వీథులును. మేము వేడుకకై పోలేదు. మా యింటి పిల్ల యొకతె చదువు సంగతి ఆ దినమున తేలవలసియుండెను.

ఆ పిల్ల మా బావగారి కుమార్తె. మా యింటనే యుండి ఇంటరులో జీవశాస్త్రము చదివినది. వైద్యవిద్యకై నీట్ పరీక్ష రెండుమాఱులు వ్రాసినది. రెండుమాఱులును సీటు దొరకునంతటి ర్యాంకు రాలేదు. మా బావగారు ధాన్యపు వ్యాపారము చేయువారు, కూతురనిన ప్రాణము పెట్టువారు. ఐనను పట్టుదల మెండు. "డాక్టరగునేని చదివించెదను, కానిచో పెండ్లి చేసెదను, నడుమ వేఱు మాట లేదు" అని తేల్చి చెప్పిరి. ఒకనాటి రాత్రి పిల్ల నా ప్రక్కకు వచ్చి కూర్చుండి, "చిన్నమ్మా, రక్తపరీక్షలు చేయు విద్య నేర్చుకొనవలెనని యున్నది. నాన్నతో బాబాయి చేత చెప్పింపవా" అని మెల్లగా అడిగెను.

మావారు చెప్పిరి. బావగారు ఇంతెత్తున లేచి, "రక్తమును మూత్రమును ముట్టుటకా నేను దానిని చదివించినది? సీసాలు కడుగుటకు మన పిల్లయే దొరకినదా?" అనిరి. నేను తలుపు చాటున నుండి వింటిని. బావగారి యెదుట నోరెత్తి వాదించు అలవాటు నాకు లేదు. కాని ఆ మాట విన్నప్పుడు నాకు మా అత్తగారి సంగతి జ్ఞప్తికి వచ్చెను.

క్రిందటి యేడు అత్తగారికి జ్వరము వచ్చి తగ్గినది. నీరసముగా నున్నదని ఒక పరీక్షాలయములో రక్తమిచ్చితిమి. చక్కెర మిక్కుటముగా నున్నదని కాగితము వచ్చెను. వైద్యుడు ఆ కాగితమును నమ్మి మాత్రలు వ్రాసెను. నమ్మక యేమి చేయును? నాలుగవనాటి తెల్లవాఱుజామున అత్తగారి యొడలు చెమటతో తడిసి, చేతులు వణకి, మాట తడబడజొచ్చెను. మ్రింగుటకు ఇంకను తెలివి యున్నందున పిల్ల పరుగున పోయి చక్కెరనీరు కలిపి త్రాగించి, వెంటనే ఆసుపత్రికి పోవలెనని పట్టుపట్టెను. అచ్చట తేలినదేమనగా ఆమెకు చక్కెరవ్యాధియే లేదు. మొదటిచోట మఱియెవరి రక్తపు గొట్టముమీదనో మా అత్తగారి పేరు అంటింపబడినది. ఒక చీటీ తాఱుమాఱైనందున ఒక నిండుప్రాణము పోవలసినది. ఇంతటి పనిని సీసాలు కడుగుట యనవచ్చునా?

మావారి వద్ద పూర్వము పదవతరగతి చదివిన యువతి యొకతె ఇప్పుడు నగరములో ఒక ప్రభుత్వాసుపత్రియందు పరీక్షాలయ సాంకేతికురాలిగా నున్నది. ఆమె కాపురము గన్‌ఫౌండ్రీ సందులలో. "అమ్మగారూ, చెల్లెలిని తీసికొని యొకమాఱు రండు. కన్నులార చూచిన పిదప నిశ్చయించుకొనవచ్చును" అని ఫోనులో చెప్పెను. ఆ విధముగా మా పయన మేర్పడినది.

వికారాబాదు ప్రక్కనున్న అనంతగిరి కొండలలోనే మూసీనది పుట్టుచున్నది. మా యూర సన్నని పాయగా బయలుదేఱిన ఆ నీరు హైదరాబాదు చేరి, ఉస్మానియా ఆసుపత్రి గోడ ప్రక్కగా పాఱును. మేమును ఆ దిక్కునకే పోవుచుంటిమి గనుక, రైలులో కిటికీకడ కూర్చుండి ఆ మాటయే తలంచుకొంటిని. నాంపల్లి స్టేషనులో దిగి, నడచియే పోవుదమని పిల్ల అన్నది.

నాంపల్లిలో ఎగ్జిబిషన్ మైదానము మీరెల్లరు వినియుందురు. 1938 లో పబ్లిక్ గార్డెన్సులో మొదలైన నుమాయిషు 1946 నుండి ఈ మైదానమున జరుగుచున్నది. జనవరి మాసమున గాజులకును దుప్పట్లకును జనము విరుగబడు ఆ చోటనే, దానిని నడపు సొసైటీవారి విద్యాలయములు కలవని మనలో ఎందఱికి తెలియును? కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్కు అచ్చటనే యున్నది. అందు ఫార్మసీ డిప్లొమా గూడ చెప్పుదురు. ఇంటరు పిదప రెండేండ్ల చదువు, ఆపై అయిదువందల గంటలకు తగ్గకుండ మందులు కూర్చి యిచ్చు అభ్యాసము, ఇవి ముగిసినగాని ఫార్మసిస్టుగా నమోదు కాజాలరు. నుమాయిషు సంతలో కొన్న గాజులు ఏడాదికి పగులును. అదే మైదానములో నేర్చిన విద్య ఆయువున్నంత కాలము నిలుచును.

అచ్చటినుండి ఆబిడ్సు. ఆఱవ నిజాము కొలువులో నుండిన ఆల్బర్టు ఆబిడ్ అను ఆర్మీనియా దేశస్థుడు పెట్టిన అంగడి పేరే ఈ పేటకు నిలిచినది. పెద్దపోస్టాఫీసు దాటి, చీరల దుకాణములవైపు నా కన్నులు పోవకుండ బిగబట్టుకొని నడచి, గన్‌ఫౌండ్రీ చేరితిమి. మావారి శిష్యురాలు వీథిమొగనే యెదురుచూచుచుండెను.

ఇంటికి పోకమునుపు ఆమె మమ్ము ఈ పేటకు పేరు తెచ్చిన కట్టడము కడకు తీసికొనిపోయెను. నిజాము కొలువులో సేనానిగా నుండిన రేమండ్ అను ఫ్రెంచివాడు 1786 లో ఇచ్చట ఫిరంగులు పోతపోయు కార్ఖానా కట్టించెను. దానిని జనులు తోప్ కా సాంచా అనిరి. ఫిరంగి అచ్చు అని దాని యర్థము. కరగిన లోహమును అచ్చులో పోసి, చల్లార్చి, తొలిచి, ఫిరంగులను సిద్ధపఱచెడివారు. గుండ్లను గూడ ఇచ్చటనే పోసెడివారు. రేమండ్ 1798 లో మరణించెను. ఆ యేడే ఆంగ్లేయులు ఫ్రెంచి పటాలములను నిరాయుధములుగా చేసిరి. నేడు మిగిలినది మొండిగోడ. చుట్టును ఇండ్లును దుకాణములును ఒరసికొని నిలిచినవి. ఎన్ని ప్రాణములు తీయుటకై ఈ నేల రాత్రింబవళ్ళు మండినదో యని నేను నిలువబడితిని. పిల్ల గోడమీద చేయి వేసి, "చిన్నమ్మా, అచ్చులో ఒక్క పొక్కిలి యున్నను ఫిరంగి ప్రేలునప్పుడు దానిని ప్రేల్చువానినే చంపునట, కాదా?" అనెను. శిష్యురాలు నవ్వి, "మా పనియు అంతే, చెల్లీ. చేసినది సరిగా లేనిచో మేలు చేయకుండుట మాత్రమే కాదు, కీడు చేయును" అని బదులు చెప్పెను.

ఫిరంగుల పేట చదువుల పేటగా మాఱుట గూడ చిత్రమైన కథయే. 1907 లో గన్‌ఫౌండ్రీయందు మహబూబియా బాలికా పాఠశాల వెలసినది. ఘోషాలోనుండు ప్రభువంశపు ఆడుబిడ్డలు పరదాలు గట్టిన బండ్లలో వచ్చి ఇచ్చట చదువుకొనిరి. రోజరీ కాన్వెంటు బడియు, సెయింట్ జోసెఫ్ క్రైస్తవ దేవాలయమును ఈ పేటలోనివే. ఛాపెల్ రోడ్డున స్టాన్లీ బాలికా పాఠశాల గలదు. 1941 నాటి చట్టముతో పుట్టిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు ప్రధాన కార్యాలయము ఇచ్చటనే యుండి, 2017 లో భారతీయ స్టేట్ బ్యాంకున కలిసిపోయెను. బడి విడిచినవేళ ఈ వీథిలో నిలుచుండిన, జడలు అల్లుకొన్న పిల్లల గుంపులే గుంపులు! వారిలో నెందఱు డాక్టర్లు కాగలరు? వైద్యకళాశాలల సీట్లు కొలదియే గదా! మిగిలినవారందఱును ఓడినవారేనా? నా మనస్సును ఆ దినమంతయు తొలిచిన ప్రశ్న ఇదియే.

శిష్యురాలి యిల్లు రెండు గదులది. కాఫీ యిచ్చి, ఆమె బల్లమీద ఖాళీ గాజుగొట్టములు కొన్ని వరుసగా పెట్టి, మూతల రంగుల రహస్యము చెప్పెను. ఊదారంగు మూత గొట్టములో రక్తము గడ్డకట్టకుండ చేయు మందుండును. రక్తకణములను లెక్కించుటకు అది కావలెను. బూడిదరంగు మూత గొట్టము చక్కెర పరీక్షకు. రక్తము శరీరము విడిచిన పిదపను అందలి కణములు బ్రతికియుండి చక్కెరను తినుచునే యుండును. ఆ గొట్టములోని ఫ్లోరైడు దానిని ఆపును. సూదిగుండ రక్తమును బలవంతముగా చిమ్మిన ఎఱ్ఱకణములు పగిలి, లేని పొటాషియమును ఉన్నట్లు చూపును; వైద్యుడు గుండెకు భయపడి వలదన్న మందిచ్చును. "యంత్రము అంకెలు చెప్పును, అమ్మగారూ. కాని యంత్రమునకు మనము ఇచ్చినది యేమో యంత్రమెఱుగదు" అని ఆమె అన్నది.

అంతకంటె చిన్నదియు, అంతకంటె పెద్దదియు నైన నియమమును మఱియొకటి చెప్పెను. రోగిని "మీ పేరు ఫలానాయే గదా?" అని అడుగరాదట. నీరసములోనున్నవారు దేనికైనను ఔనందురు. "మీ పేరేమి?" యని అడిగి, రోగి నోటనే చెప్పించి, రక్తము తీసిన వెంటనే ఆ మంచము కడనే గొట్టమునకు చీటీ అంటింపవలెనట. అది విని మా పిల్ల నా వైపు చూచెను. రెండవచోట మా అత్తగారికి రక్తము తీసిన యువతి సరిగా అట్లే చేసినది. అప్పు డది మర్యాద యనుకొంటిమి గాని విద్య యనుకొనలేదు.

ఈ విద్యకు హైదరాబాదుతో పాతచుట్టఱికమే గలదు. 1897 ఆగస్టు 20 న బేగంపేటలో రొనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు దోమకడుపును చీల్చి, సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ దోమలకు తన చేయి నొసగి కుట్టించుకొన్నవాడు హుసేన్‌ఖాన్ అను రోగి. దోమ కొక్క అణా చొప్పున కూలి పుచ్చుకొనెను. రాస్‌కు నోబెలు బహుమానము వచ్చెను. హుసేన్‌ఖానును తలచువారు అరుదు. కాని వాని రక్తము లేనిదే రాస్ చూచుటకేమున్నది?

మధ్యాహ్నము ఒక విద్యాసంస్థను చూడబోతిమి. దాని పేరు చెప్పను. అది యెక్కడిదో గూడ చెప్పను. వార్తాపత్రికలో వచ్చిన ప్రకటన బావగారి స్నేహితు డొకరు మాకు పంపినది. బజారు మేడమీద రెండు గదులు. ఆరునెలలలో డిప్లొమా, పిదప నిశ్చయముగా ఉద్యోగము, ముప్పదివేల రూపాయల రుసుము, నేడే కట్టిన అయిదువేలు తగ్గింపు! నేను మూడు ప్రశ్నలడిగితిని. పిల్లలు ఏ ఆసుపత్రిలో అభ్యాసము చేయుదురు? ఏ బోర్డువారు ఈ పట్టాను నమోదు చేసికొందురు? మొత్తము ఎన్ని గంటల శిక్షణము? ఆయన చిఱునవ్వుతో, "సర్టిఫికెట్టు చేతికి వచ్చును గదమ్మా. పని దొరకిన తరువాత నేర్చుకొనవచ్చును" అనెను. మూలను గుడ్డ కప్పిన సూక్ష్మదర్శిని యుండెను. మా పిల్ల అడుగకయే గుడ్డ తొలగించి చూచినది. దానికి కటకములే లేవు. మేము నమస్కారము చేసి మెట్లు దిగితిమి. అత్తగారి గొట్టముపై తప్పు చీటీ అంటించిన చేయి ఇట్టిచోటనే నేర్చినదేమో యని నాకు తోచెను. ఆ చేతిపై కోపము రాలేదు, నేర్పనివారిపై వచ్చినది.

అచ్చటినుండి ఆటోలో కోఠీకి పోయితిమి. ఉస్మానియా వైద్యకళాశాల కోఠీలోనే యున్నది. ఇది 1846 లో హైదరాబాదు వైద్యపాఠశాలగా పుట్టినది. ఆ కాలమున వైద్యమును ఉర్దూభాషలో బోధించుట విశేషము. 1885 లో, డాక్టరు ఎడ్వర్డు లారీ అధికారమున, స్త్రీలను చేర్చుకొనిరి. అట్లు చేరిన వారిలో పార్శీ కన్య రూపాబాయి ఫర్దూంజీ యొకతె. ఆమె 1889 లో హకీం పట్టా పుచ్చుకొని, శస్త్రచికిత్సవేళ రోగికి క్లోరోఫారము ఇచ్చు పనియందు ఆరితేఱినది. ప్రపంచమున మత్తు వైద్యము చేపట్టిన తొలి స్త్రీలలో ఆమె నొకతెగా చెప్పుదురు. 1888, 1889 సంవత్సరములలో క్లోరోఫారము గుణదోషములు తేల్చుటకు ఈ నగరముననే రెండు సంఘములు కూర్చుండినవి. రోగి నాడికంటె ఊపిరిని కనిపెట్టవలెనని లారీ పట్టుపట్టెను. ఆ మందు గుండెకును కీడు చేయునని పిదప తేలినది గాని, మత్తులోనున్న రోగి ఊపిరిని రెప్పవాల్చక చూచుచుండవలెనన్న మాట నేటికిని చెల్లుచున్నది. కత్తి పట్టినవాని పేరే లోకము చెప్పుకొనును. రోగి తలకడ నిలిచి ఊపిరి లెక్కించువారు లేనిచో ఆ కత్తి యేమగును?

నేడు ఈ కళాశాలయందు వైద్యులతోపాటు సహాయక వైద్యవిద్యలు నేర్చువారును కలరు. పరీక్షాలయపు పని, ఎక్స్‌రే మొదలగు చిత్రములు తీయుట, మత్తు ఇచ్చు వైద్యునికి తోడ్పడుట, మూత్రపిండములు చెడినవారికి డయాలిసిస్ యంత్రము నడపుట, కంటిపరీక్ష. ఇవి రెండేసి యేండ్ల డిప్లొమాలు. ఇంటరులో జీవశాస్త్రము చదివినవారికి ప్రాధాన్యము, మార్కులనుబట్టి చేర్చుకొందురు. తెల్లకోటు తొడుగుకొన్న ఒక పిల్లను పలుకరించితిని. పాలమూరు జిల్లాది. తండ్రి కూలి. ఆమె డయాలిసిస్ నేర్చుచున్నది. "ఒక్కొక్కరు వారమునకు రెండుమూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు మా యెదుటనే పడుకొందురమ్మా. డాక్టరుగారు చూచిపోవుదురు. కాళ్ళు పిక్కపట్టినను, కన్నులు చీకట్లు క్రమ్మినను మొదట చూడవలసినది మేమే" యని చెప్పెను. ఆ పిల్ల కన్నులలో ఓటమి యెక్కడను కానరాలేదు.

సోదరీమణులారా, నేను బడికి పోయి చదివినదానను గాను. బాల్యమున దీర్ఘజ్వరములచేత బడి మానుకొని, మా తాతగారి కడ అమరమును, భారతమును, వసుచరిత్రమును చదివితిని. తాతగారికి వైద్యమునందును ప్రవేశముండెను. చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెనని వారు తఱచుగా అనెడివారు. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి: ఈ నాలుగును చేరినగాని చికిత్స నిలువదు. వైద్యుడే ప్రధానుడని చరకుడు చెప్పిన మాట నిజమే. ఐనను పరిచారకునకు వేఱుగా నాలుగు గుణములు విధించెను. ఉపచారము తెలియుట, నేర్పు, రోగియెడ అనురాగము, శుచి. నాడు ఒక్కనిచే జరిగిన పరిచర్య నేడు పదివిద్యలుగా చీలినది. రక్తము చూచువారు వేఱు, ఎముక చిత్రము తీయువారు వేఱు, పక్షవాతము వచ్చిన చేతికి మరల కదలిక నేర్పువారు వేఱు. పాదము మాత్రము ఆ మూడవ పాదమే. మూడుకాళ్ళ మంచముమీద రోగిని పడుకొనబెట్టి, నాలుగవ కోడు ఎందుకు లేదని వైద్యుని నిందింపవచ్చునా?

ఇక ఈ విద్యలు ఎవరికి అందుచున్నవి? పల్లెటూరి పిల్లకు, మధ్యలో చదువు మానిన యిల్లాలికి, వయస్సు మీఱినదానికి దారి యున్నదా? అమెరికాలో మా పినతల్లి కుమార్తె యున్నది. పెండ్లితో చదువు నిలిచి, ఇద్దఱు బిడ్డలు బడికి పోవునంతటి వారైన పిదప, తన యూరి కమ్యూనిటీ కాలేజీలో చేరి ఎక్స్‌రే విద్య నేర్చి, ఆసుపత్రిలో కుదిరినది. ఊరివారందఱికి అందుబాటులో, తక్కువ రుసుముతో, వయస్సు అడుగక, పనికి వచ్చు విద్య రెండేండ్లలో నేర్పు ఇట్టి కళాశాలలు ఆ దేశమున 1901 లో ఇల్లినాయి రాష్ట్రపు జోలియటులో ప్రారంభమైనవి. మన దేశమున 1995 లో పుదుచ్చేరియందు ఇట్టిదానికి నాంది జరిగినది. 2013 లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు కమ్యూనిటీ కాలేజీల పథకము ప్రకటించిరి. మన తెలుగు నేలపై ఇంటరు వృత్తివిద్యలో పరీక్షాలయ సాంకేతికమును, ఆరోగ్య కార్యకర్తల శిక్షణమును కలవు. మావారి శిష్యురాలు ఆ మెట్టుమీదుగానే పైకి వచ్చినది.

కాని ఇట్టి తలంపు మనకు పరాయిది కాదు. రాజమహేంద్రవరమున 1909 లో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ మదరాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించి, చదువు మానిన స్త్రీలను కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్ పరీక్షకు సిద్ధపఱచెను. పిదప కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై, వితంతువులకును, భర్త విడిచినవారికిని సంక్షిప్త విద్యాతరగతులు 1958 లో ప్రారంభింపజేసెను. మెట్రిక్ లేక నర్సు శిక్షణమునకు చేరజాలని స్త్రీలకు ఆ తరగతులు తలుపు తెఱచినవి. నర్సులు లేని పల్లెలొకవైపు, పనిలేని స్త్రీలొకవైపు ఉండగా, నడుమ లేనిది ఒక్క బడియే యని ఆమె గ్రహించెను.

ఈ మాట శిష్యురాలితో అనగా, ఆమె నా ముఖము చూచి, "అమ్మగారూ, ఓపెన్ స్కూలులో పదవతరగతి ఏ వయస్సువారైనను వ్రాయవచ్చును. మీరు వ్రాయరాదా?" అని అడిగెను. నాకు ముప్పదియాఱేండ్లు. నవ్వి ఊరకుంటిని.

ఇట్టి చదువులకు పిల్లలను పంపదలచిన తల్లులకు నేను తెలిసికొన్న నాలుగు మాటలు చెప్పెదను. 2021 లో మన పార్లమెంటు ఈ సహాయక వైద్యవృత్తులకు ప్రత్యేకముగా చట్టము చేసినది. దాని ప్రకారము డిప్లొమా చదువు రెండేండ్లకును రెండువేల గంటలకును తక్కువ కారాదు. పట్టభద్రుల చదువు మూడేండ్లకును మూడువేల ఆఱువందల గంటలకును తక్కువ కారాదు. కావున ఆరునెలల డిప్లొమా యనినంతనే లేచి రావచ్చును. రాష్ట్ర పారామెడికల్ బోర్డువారి జాబితాలో ఆ కళాశాల పేరున్నదో లేదో చూడవలెను. అభ్యాసమునకు ఏ ఆసుపత్రి యున్నదో అడిగి, అచ్చటికి పోయి పిల్లలను పలుకరింపవలెను. నర్సులకును ఫార్మసిస్టులకును వేఱువేఱు కౌన్సిళ్ళు కలవు. వాటి నమోదు వేఱు. రుసుము కట్టునపుడు రసీదు లేనిదే పైకము ఈయరాదు. ఇంకొక మాట. రాత్రికాలపు పని ఈ వృత్తులలో తప్పదు. అంటుజబ్బుల భయమును గలదు. చేతితొడుగులు, టీకాలు, సూదులు పాఱవేయు నియమములు శ్రద్ధగా పాటింపవలెను. ఇవి దాచి పిల్లలను పంపుట ధర్మము కాదు.

సాయంకాలము అఫ్జల్‌గంజువైపు పోయి మూసీ యొడ్డున నిలిచితిమి. 1908 సెప్టెంబరు 28 న ఈ నది పొంగి నగరమును ముంచినది. ఇచ్చటి పాత ఆసుపత్రియు నాశనమైనది. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమందికి పైగా ప్రాణములు దక్కించుకొనిరట. ఆ చెట్టు ఇప్పటికిని అచ్చటనే యున్నది. వఱద పిదప కట్టిన ఉస్మానియా ఆసుపత్రి భవనము నేడు శిథిలావస్థలో నున్నది. గన్‌ఫౌండ్రీకి దగ్గఱనే గోషామహలులో క్రొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31 న శంకుస్థాపన జరిగినది. భవనము లేచుటకు ఇటుక చాలును. అందు రాత్రి రెండుగంటలకు రక్తము చూచి నిజము చెప్పుటకు నమ్మదగిన చేతులు కావలెను. వాటిని తీర్చుటకును ఒక సాంచా కావలెను.

రాత్రి ఇల్లు చేరునప్పటికి బావగారు అరుగుమీద కూర్చుండియుండిరి. మావారు చూచివచ్చిన సంగతులు నా నోట విని వారికి చెప్పిరి. బావగారు పలుకలేదు. లోపలినుండి అత్తగారు గోడపట్టుకొని వచ్చి, "ఒరే నాయనా, నా చేతికి సూది గ్రుచ్చకముందు 'మీ పేరేమి అవ్వా' అని అడిగిన పిల్ల యున్నదే, అది నా పాలికి దేవత. డాక్టరు నన్ను తరువాత చూచినాడు; మొదట చూచినది అది. మన పిల్లయు అట్టి పని నేర్చుకొందునన్న నీకు నామోషీ యెందుకు?" అనెను. బావగారు తల వంచుకొని లేచిపోయిరి. ఆ రాత్రి మా యింట ఎవరికిని సరిగా నిద్ర పట్టలేదు.

మఱునాడు ఉదయమున వారు కొట్టునకు పోవుచు, గుమ్మముకడ నిలిచి, కూతురిని చూడకయే, "దరఖాస్తునకు ఫోటోలు ఎన్ని కావలెను?" అని అడిగిరి. పిల్ల వంటింటిలోనికి పరుగెత్తివచ్చి నా భుజముమీద ముఖము పెట్టి యేడ్చినది.

దరఖాస్తు పంపితిమి. చేరినవారి జాబితా యింకను వెలువడలేదు. సీటు వచ్చునో రాదో భగవంతునికి తెలియును. ఈ యేడు రాకున్న వచ్చు నేడు మరల పంపవచ్చునని బావగారే యనుచున్నారు. తెలిసినంతవఱకు మీ చెవిని వేసితిని. మీ యిండ్లలోను నీట్ పరీక్ష తప్పి మూల కూర్చుండిన పిల్ల యుండిన, ఆమెను ఓడినదానినిగా చూడకుడు. ఒక దినము వెంటబెట్టుకొని పోయి చూపుడు.

మఱచితిని. ఆ దినము శిష్యురాలు నా చేతిలో నొక కాగితము పెట్టినది. అది ఓపెన్ స్కూలువారి పదవతరగతి దరఖాస్తు. ప్రస్తుతము నా పెట్టెలో తాతగారి అమరకోశము క్రింద నున్నది. మావారికి నిన్ననే చూపితిని.